బొమ్మ ఒకరిది, గుడ్డ ఒకరిది: ఆబోరిజినల్ కళ ఆడవాళ్ల దుస్తుల్లోకి వచ్చే దారి

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న ఆర్న్‌హెమ్ ల్యాండ్‌కు చెందిన ఆబోరిజినల్, అంటే ఆస్ట్రేలియా మూలవాసి, చిత్రకారుడు జాన్ బులున్ బులున్ 1978లో చెట్టుబెరడు మీద ఒక బొమ్మ వేశారు. ఒక నీటిగుంట, అందులో తామరలు, చుట్టూ మాగ్‌పై గూస్ అనే పెద్ద బాతులు. ఆ నీటిగుంట గనల్‌బింగు తెగవాళ్ల పుట్టుకథకు చెందిన చోటు. ఆ బొమ్మ వేసే హక్కు ఆయనకు తెగ ఆచారం ప్రకారం వచ్చింది. ఆయన అనుమతితోనే అది ఒక పుస్తకంలో అచ్చయింది. ఆ తర్వాత అదే బొమ్మ, ఎవరినీ అడక్కుండా, దుస్తులు కుట్టే గుడ్డ మీద వేల మీటర్ల లెక్కన అచ్చై ఆస్ట్రేలియాకు దిగుమతయింది. దిగుమతి చేసిన కంపెనీ కాపీ చేసినట్టు ఒప్పుకుని అమ్మకం ఆపేసింది. అయినా కేసు అక్కడితో ఆగలేదు. బొమ్మ గీసినవాడికే కాదు, దాని వెనకున్న తెగకూ అందులో హక్కు ఉందా అన్నది కోర్టు తేల్చాల్సి వచ్చింది.

1998లో ఫెడరల్ కోర్టు చెప్పింది ఇది: కాపీరైట్ గీసినవాడిదే, తెగ దానికి సహయజమాని కాదు. కానీ తెగ ప్రయోజనాన్ని కాపాడే బాధ్యత చిత్రకారుడి మీద ఉంటుంది. అతను ఆ పని చేయకపోతే తెగ కోర్టుకు రావచ్చు. ఆడవాళ్లు గౌన్లు కుట్టించుకునే మామూలు ప్రింటు గుడ్డ మీద ఇంత పెద్ద ప్రశ్న తేలడం యాదృచ్ఛికం కాదు. గోడకు తగిలించే చిత్రం ఒక్కటే ఉంటుంది, ఎవరు కొన్నారో తెలుస్తుంది. గుడ్డ అలా కాదు. దాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారు, ముక్కలు కోస్తారు, కుడతారు, ఉతుకుతారు. ఇన్ని చేతులు మారే వస్తువులో బొమ్మ ఎవరిదో గుర్తుండాలంటే ప్రతి చేతిలోనూ కొంత పద్ధతి ఉండాలి. ఆబోరిజినల్ ప్రింటు దుస్తుల మంచిచెడ్డలన్నీ ఆ పద్ధతి దగ్గరే తేలతాయి.

కాన్వాసు కన్నా ముందు గుడ్డే

ముందు చిత్రాలు వచ్చాయి, తర్వాత ఫ్యాషన్‌వాళ్లు వాటిని బట్టల మీదికి దించారు అని చాలామంది అనుకుంటారు. కొన్ని ప్రాంతాల్లో జరిగింది దీనికి తలకిందులు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ఎర్నబెల్లాలో క్రైస్తవ మిషన్ నడిపిన చేతిపనుల గది 1948లో మొదలైంది. ఆడవాళ్లు అక్కడ ఉన్ని వడికేవారు, రగ్గులు నేసేవారు. 1971లో వాళ్ల చేతికి బాటిక్, అంటే గుడ్డ మీద మైనంతో గీసి రంగులో ముంచే పని, అందింది. 1975లో వాళ్లలో కొందరు ఇండోనేషియాలోని యోగ్యకర్తా వెళ్లి బాటిక్ పని చూసి నేర్చుకొచ్చారు. 1977లో ఆ పని మధ్య ఆస్ట్రేలియా పట్టణం ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యాన ఉన్న యుటోపియా ప్రాంతానికి పాకింది. మరుసటి ఏడాదే అక్కడి ఆడవాళ్లు బాటిక్ బృందంగా ఏర్పడ్డారు. ఈరోజు ప్రపంచ మ్యూజియంలలో చిత్రాలున్న ఎమిలీ కామె ఉంగ్‌వరే ఆ బృందంలో దాదాపు పదేళ్లు పట్టు మీద మైనంతో పనిచేసి, 1988-89లో కాన్వాసు మీదికి మారారు. కాగిన మైనం, రంగు తొట్లు, గుడ్డను పదేపదే మరిగించడం, వీటితో పోలిస్తే ఆక్రిలిక్ రంగులతో పని ఎంతో తేలిక. వయసు మళ్లినవాళ్లకు ఆ తేలిక చిన్న విషయం కాదు.

యుటోపియా ఆడవాళ్ల గీతలకు మూలం ఇంకా వెనక ఉంది. అవెల్యె అనే స్త్రీల క్రతువులో రొమ్ముల మీద, భుజాల మీద, చేతుల మీద ఎర్రమట్టి, తెల్లమట్టి చారలు దిద్దుకుంటారు. ఆ చారలే పట్టు మీదికి, తర్వాత కాన్వాసు మీదికి వచ్చాయి. ఇప్పుడు ఆ కాన్వాసుల ఫొటోలు తీసి పట్టు చొక్కాల మీద అచ్చు వేస్తున్నారు. ఒంటి మీద మొదలైన గీత తిరిగి ఒంటి మీదికే వచ్చిందన్నమాట.

ఉత్తరాన తివీ దీవుల దారి వేరు. బాతర్స్ట్ దీవిలో 1960ల చివర్లో బీడ్ తుంగుతలుమ్, జొవాన్నీ తిపుంగ్వుతి చెక్క అచ్చులతో మొదలుపెట్టిన పని తివీ డిజైన్‌గా మారింది. చెక్క అచ్చు నుంచి పట్టు తెర అచ్చుకు, అంటే స్క్రీన్ ప్రింటుకు, వెళ్లారు. అదే దీవిలో ఆడవాళ్లు 1969లో బీమా వేర్ అనే కుట్టుకేంద్రం పెట్టుకున్నారు. తివీవాళ్లకు ఈ ప్రింటు గుడ్డ పర్యాటకులకు అమ్మే సరుకు మాత్రమే కాదు, వాళ్లే కట్టుకుంటారు. ఈ తేడా ముఖ్యమైనది. సొంతవాళ్లు రోజూ తొడిగే గుడ్డకు రంగు దిగితే ఊళ్లోనే నిలదీస్తారు.

మనకు పరిచయమైన ప్రకాశవంతమైన, పోస్టర్ లాంటి ఆబోరిజినల్ ప్రింటుకు పెద్ద కారకుడు వాల్‌మజర్రి చిత్రకారుడు జిమ్మీ పైక్. 1980లలో ఫ్రీమాంటిల్ జైల్లో ఉండగా బొమ్మలు వేయడం మొదలుపెట్టిన ఆయన స్కెచ్ పెన్నుల కొట్టొచ్చే రంగులు వాడారు. ఒక్కో రంగు విడిగా, అంచు స్పష్టంగా ఉండటంతో అవి స్క్రీన్ ప్రింటుకు అతికినట్టు సరిపోయాయి. డెజర్ట్ డిజైన్స్ పేరుతో ఆ బొమ్మలు దుస్తులయ్యాయి. అదే దశాబ్దంలో బుంజలుంగ్ తెగకు చెందిన బ్రాన్విన్ బ్యాంక్రాఫ్ట్ సిడ్నీలో సొంత దుకాణం తెరిచారు, 1987లో పారిస్‌లో తన దుస్తులు ప్రదర్శించారు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఎర్నబెల్లా ఆడవాళ్లు తమ గుడ్డల మీది తీగల్లాంటి అల్లికలకు పవిత్ర కథలేవీ లేవని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. ప్రతి చుక్కకూ ఒక పుట్టుకథ తగిలించి అమ్మే కార్డు ముక్కను కొంచెం అనుమానంగా చూడటమే మంచిది. కథ ఉన్న బొమ్మా ఉంటుంది, కేవలం అందం కోసం వేసినదీ ఉంటుంది. అది చెప్పాల్సింది వేసినవాళ్లు, అమ్మేవాళ్లు కాదు.

అచ్చు వేసేటప్పుడు

ఇప్పుడు మార్కెట్లో కనిపించే దుస్తులు రెండు దారుల్లో తయారవుతాయి. ఒకటి, మూలవాసుల సొంత కళాకేంద్రంలో చేత్తో స్క్రీన్ ప్రింటు వేసిన గుడ్డను డిజైనర్ కొనుక్కుని కుట్టించడం. మనింగ్రిడాలోని బాబ్బర్రా డిజైన్స్, గున్‌బలన్యాలోని ఇంజలక్, తివీ డిజైన్, హాస్ట్స్ బ్లఫ్‌లోని ఇకుంట్జీ ఇలాంటి గుడ్డకు పేరున్న కేంద్రాలు. మ్యాగ్‌పై గూస్ అనే దుస్తుల సంస్థ ఎదిగింది ప్రధానంగా ఇలాంటి గుడ్డ మీదే. రెండోది, కాన్వాసు మీది చిత్రానికి లైసెన్సు తీసుకుని, ఫొటో తీసి, డిజిటల్ యంత్రంతో గుడ్డ మీద అచ్చు వేయించడం. 2019లో గోర్మన్ అనే మెల్‌బోర్న్ బ్రాండు కింబర్లీలోని మంగ్కజ ఆర్ట్స్ చిత్రకారులతో తెచ్చిన దుస్తులు రెండో రకం. విరాజురి మహిళ డెన్నీ ఫ్రాన్సిస్కో నడిపే ఙాలి బ్రాండులోని పట్టు దుస్తులు కూడా ఈ దారిలోవే.

చేతి స్క్రీన్ ప్రింటులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. గుడ్డ పనికి సాధారణంగా సెంటీమీటరుకు 43 పోగులుండే మెష్, అంటే రంగు దిగే సన్నని జాలీ, వాడతారు. దీనికన్నా సన్నని మెష్ పెడితే రంగు తక్కువ దిగి గుడ్డ పేలవంగా ఉంటుంది, ముతకది పెడితే సన్న గీతలు కలిసిపోతాయి. ఆర్న్‌హెమ్ ల్యాండ్ శైలిలో రార్క్ అనే అడ్డుగీతల అల్లిక ఉంటుంది, వెంట్రుక మందం గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. దాన్ని ఉన్నదున్నట్టు స్క్రీన్ మీదికి దించితే మూసుకుపోతుంది. అందుకే మంచి కేంద్రాల్లో కాన్వాసు ఫొటోను గుడ్డకెక్కించరు. గుడ్డ కోసమే లైనోలియం షీటు మీద చెక్కి గానీ, పారదర్శక ఫిల్ము మీద నల్ల సిరాతో గీసి గానీ కొత్త డిజైన్ చేయిస్తారు. బాబ్బర్రా గుడ్డల్లో చేప తోకలున్న యాక్‌యాక్ అనే నీటికన్యలు, అల్లిన సంచులు, నీటిమొక్కలు అంత శుభ్రంగా కనిపించడానికి కారణం ఇదే.

పొడవాటి బల్ల మీద గుడ్డ పరచి అంటించి, ఇద్దరు చెరోపక్క నిలబడి రంగును తెర మీద నెట్టే స్క్వీజీ అనే రబ్బరు పట్టీని ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందిస్తూ లాగుతారు. వరసగా 1, 2, 3 అని వేయరు. 1, 3, 5 వేసి, అవి ఆరాక 2, 4, 6 వేస్తారు. లేకపోతే పక్క అచ్చు మీద తడి రంగుకు ఫ్రేము ఆని మరక పడుతుంది. బల్ల అంచున ఉండే ఆపుమేకులు అర మిల్లీమీటరు కదిలినా రెండో రంగు మొదటిదాని పక్కకు జరుగుతుంది. చివర్న 150 నుంచి 160 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉంచితేనే రంగులోని జిగురు గుడ్డను పట్టుకుంటుంది. ఈ వేడి దశను తొందరలో కుదించడమే చేతి ప్రింటులో ఎక్కువ నష్టం తెచ్చే తప్పు. దుకాణంలో చూస్తే తెలియదు, మూడో ఉతుకులో తెలుస్తుంది. తెల్ల బనీను గుడ్డ తడిపి ప్రింటు మీద గట్టిగా పదిసార్లు రుద్దితే రంగు అంటుకుందో లేదో చూడొచ్చు.

వాతావరణం కూడా పనిని శాసిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో వానాకాలం డిసెంబరు నుంచి మార్చి దాకా గట్టిగా ఉంటుంది. మనింగ్రిడాకు రోడ్డు మూసుకుపోతుంది, సరుకు పడవలోనో విమానంలోనో రావాలి. గాలిలో తేమకు రంగు ఆరదు. ఎడారి కేంద్రాల్లో ఇబ్బంది దీనికి పూర్తి వ్యతిరేకం, స్క్రీన్ మీదే రంగు ఎండి రంధ్రాలు పూడిపోతాయి. ఆర్డరిచ్చిన డిజైనర్ 200 మీటర్లు వచ్చే నెలకల్లా కావాలంటే కుదరకపోవడానికి ఇవీ కారణాలే. ఇవి కాక, ఊళ్లో చావు జరిగితే పని ఆగుతుంది. చనిపోయిన చిత్రకారుల పేరు, ఫొటో వాడాలంటే కుటుంబాన్ని అడగాలి. కొన్నిసార్లు ఆ డిజైన్ కొంతకాలం అమ్మకం నుంచి తీసేస్తారు. దుకాణం దీన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి.

డిజిటల్ అచ్చులో రంగుల పరిమితి లేదు. కష్టమంతా కొలతలోనూ రంగు మార్పులోనూ ఉంది. గుడ్డ మీద 64 సెంటీమీటర్ల వెడల్పున డిజైన్ తిరిగి రావాలంటే, అంగుళానికి 150 చుక్కల లెక్కన ఫొటో కనీసం 3,780 పిక్సెల్స్ వెడల్పు ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే 1,000 పిక్సెల్స్ బొమ్మను అదే వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 40 చుక్కలే మిగులుతాయి. చుక్కలతో గీసే ఆబోరిజినల్ చిత్రంలో అప్పుడు ప్రతి చుక్క అంచూ మసకబారి పొగచూరినట్టు ఉంటుంది. దొంగ ప్రింటును పట్టే సులువైన గుర్తుల్లో ఇది ఒకటి. అసలు చిత్రంలో ప్రతి చుక్కకూ కొంచెం వంకర, కొంచెం మందం తేడా ఉంటుంది కానీ అంచు మాత్రం తేటగా ఉంటుంది. కంప్యూటర్లో గీసిన నకలులో చుక్కలన్నీ ఒకే సైజు, ఒకే దూరం.

గుడ్డను బట్టి రంగుల రసాయనం మారుతుంది. నూలుకు, లినెన్‌కు రియాక్టివ్ రంగులు, అచ్చు వేశాక ఆవిరి పట్టి కడగాలి. పట్టుకు ఆసిడ్ రంగులో రియాక్టివ్ రంగులో వాడతారు. పాలియెస్టర్‌కు డిస్పర్స్ రంగులు, దాదాపు 200 డిగ్రీల వేడితో కాగితం మీది బొమ్మ గుడ్డలోకి ఎక్కుతుంది. చవక పర్యాటక గౌన్లు ఎక్కువగా ఈ చివరి రకమే. గుడ్డ వెనక తెల్లగా ఉంటుంది, చేతుల అంచు మడిస్తే ఆ తెలుపు బయటపడుతుంది. ఇక ఎర్రమట్టి రంగు అన్నిటికన్నా ఇబ్బంది పెడుతుంది. కాన్వాసు మీది మట్టెరుపు మెరిసే పట్టు మీద నారింజగా, మ్యాట్ లినెన్ మీద గోధుమగా కనిపిస్తుంది. తెర మీద చూసి ఒప్పుకుంటే సరిపోదు. అసలు గుడ్డ మీద అర మీటరు నమూనా వేయించి చిత్రకారుల చేతికి పంపి, వాళ్లు సరే అన్నాకే మొత్తం గుడ్డను అచ్చుకు ఇవ్వాలి. నమూనా పంపడానికి, జవాబు రావడానికి కొన్ని వారాలు పడతాయి. ఆ వారాలు మిగుల్చుకోవాలనుకున్న బ్రాండ్లే తర్వాత మాటపడతాయి.

కత్తెర పడే చోట

ఇది తక్కువగా మాట్లాడుకునే భాగం, కానీ దుస్తుల విషయంలో అసలు పరీక్ష ఇక్కడే. మామూలు పూల ప్రింటును ఎక్కడ కోసినా పూవే. ఈ చిత్రాల్లో చాలావాటికి పైకింద ఉంటుంది, మధ్య ఉంటుంది, దారి ఉంటుంది. పశ్చిమ ఎడారి చిత్రాల్లో ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు నీటిగుంటనో మజిలీనో సూచిస్తాయి. గుర్రపునాడా ఆకారం కూర్చున్న మనిషి, పక్కన కర్ర, తొట్టి ఉంటే ఆ మనిషి స్త్రీ. వలయాల మధ్య గీతలు ప్రయాణం. ఆ గీతను మధ్యలో కోసి వేరే వలయానికి కలిపి కుడితే రెండు చోట్లను తప్పు దారితో కలిపినట్టే.

అందుకే లైసెన్సు ఒప్పందాల్లో చిత్రాన్ని కత్తిరించకూడదు, తిప్పకూడదు, రంగు మార్చకూడదు, మీద అక్షరాలు వేయకూడదు అని రాసుకుంటారు. దుస్తులకు ఇది అక్షరాలా కుదరదు కదా, చంక దగ్గర కోయకుండా చొక్కా ఎలా వస్తుంది? కాబట్టి ఎక్కడెక్కడ కోత పడుతుందో కాగితపు ప్యాటర్న్ మీద చూపించి చిత్రకారుల అంగీకారం తీసుకోవడమే మార్గం. గౌను ముందుభాగం, వెనకభాగం, చేతులు విడివిడిగా ఏ ముక్కకు చిత్రంలో ఏ భాగం రావాలో కంప్యూటర్లో పేర్చి, అలాగే అచ్చు వేసే పద్ధతి ఒకటుంది. ఖర్చు ఎక్కువ, ప్రతి సైజుకూ మళ్లీ పేర్చాలి. ఎనిమిదో సైజుకు సరిపోయిన వలయం పదహారో సైజులో కుట్టు కిందికి పోతుంది.

కటింగ్ మాస్టర్లు ముందుగా చూసుకునేది వలయాల స్థానం. ఛాతీ మీద రెండు వైపులా, లేదా వెనక పిరుదుల మీద, గురిచక్రంలా వలయం పడితే ఆ గౌను ఎవరూ తొడగరు. ఎడారి చిత్రాల్లో వలయాలే ఎక్కువ కాబట్టి ఈ ప్రమాదం కూడా ఎక్కువే. రెండోది డార్టు, అంటే ఒంటి ఆకారానికి సరిపోయేలా గుడ్డను మడిచి వేసే కుట్టు. ఛాతీ డార్టు మూడు సెంటీమీటర్ల గుడ్డను మింగితే, నాలుగు మిల్లీమీటర్ల చుక్కల వరసలు అక్కడ విరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. మూడోది దిక్కు. నీటికన్యలో పక్షులో ఉన్న గుడ్డను ఒకే దిక్కుగా పరిచి కోయాలి, అటూ ఇటూ తిప్పి పేరిస్తే సగం గౌన్లలో తోక పైకి ఉంటుంది. 140 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డలో మోకాలి పొడవు గౌనుకు మామూలుగా 2.2 మీటర్లు పట్టేది, ఒకే దిక్కు పేర్పుకు, పక్క కుట్ల దగ్గర డిజైన్ కలపడానికి 2.6 మీటర్ల దాకా పోవచ్చు. చేతి ప్రింటు గుడ్డకు ఆ 40 సెంటీమీటర్లు చిన్న ఖర్చు కాదు.

కళాకేంద్రాల గుడ్డతో వచ్చే దుస్తులు ఎందుకంత వదులుగా, డబ్బా ఆకారంలో ఉంటాయని అడిగేవాళ్లకు జవాబు ఇందులోనే ఉంది. కఫ్తాను, కిందికి విచ్చుకునే సాదా గౌను, వెడల్పు ప్యాంటు, 90 సెంటీమీటర్ల చదరపు స్కార్ఫు: వీటికి కోతలు తక్కువ, డార్టులు ఉండవు, డిజైన్ నిలబడుతుంది. ఒంటికి అతికే జాకెట్టు కావాలంటే పెద్ద వలయాలున్న గుడ్డ వద్దు. చిన్న ఆకుల గుంపులు, సన్న చారలు, అన్నివైపులా పాకే అల్లికలు ఎంచుకోవాలి. మిగిలిన ముక్కల్ని పారేయకుండా చెవిదుద్దుల బొత్తాలకు, జుట్టు రబ్బర్లకు, సంచులకు వాడతారు. అయితే లైసెన్సు గౌన్లకు మాత్రమే ఇస్తే జుట్టు రబ్బరు కూడా కొత్త వస్తువే, దానికీ అనుమతి కావాలి.

డబ్బు, కాగితం

లైసెన్సులో తేలాల్సినవి: ఏ చిత్రం, ఏ వస్తువులు, ఎన్ని, ఏ దేశాల్లో, ఎంతకాలం, ఆ చిత్రాన్ని అదే కాలంలో ఇంకొకరికి ఇవ్వొచ్చా, ఒప్పందం ముగిశాక మిగిలిన సరుకు ఏం చేయాలి. వీటన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చేది రాయల్టీ శాతం పక్కన రాయడం మరిచిపోయే ఒక మాట. దేని మీద శాతం? ఊహాలెక్క ఒకటి చూద్దాం. గౌను చిల్లర ధర 320 ఆస్ట్రేలియా డాలర్లు. అందులో 10 శాతం జీఎస్టీ తీస్తే సుమారు 291. టోకు ధర అందులో సగమనుకుంటే 145. ఎనిమిది శాతం రాయల్టీ టోకు మీదైతే గౌనుకు 11 డాలర్ల 64 సెంట్లు, చిల్లర మీదైతే 23 డాలర్ల 27 సెంట్లు. 300 గౌన్ల మీద తేడా దాదాపు 3,500 డాలర్లు. శాతం ఒకటే, ఆదాయం రెట్టింపు. అందుకే ముందస్తు సొమ్ము కొంత, అమ్మినా అమ్మకపోయినా తిరిగి ఇవ్వక్కర్లేని షరతుతో, అడగమని న్యాయ సలహాదారులు చెబుతారు.

చాలామంది చిత్రకారులు ఈ బేరం సొంతంగా ఆడరు. వాళ్ల కళాకేంద్రమో, కాపీరైట్ ఏజెన్సీ అనే లాభాపేక్షలేని సంస్థో వాళ్ల తరఫున మాట్లాడుతుంది. గుడ్డనే కొనే మొదటి దారిలో లెక్క ఇంకా తేలిక. గుడ్డ అమ్మకం నేరుగా కేంద్రానికే వస్తుంది, అందులోంచి డిజైన్ చేసినవాళ్లకు, అచ్చు వేసినవాళ్లకు ఇద్దరికీ పని సొమ్ము ఉంటుంది. ఊళ్లో కూలి దొరికే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు, లైసెన్సు చెక్కు కన్నా ప్రింటు బల్ల ఎక్కువమందిని నిలబెడుతుందన్నది గట్టి వాదన. కానీ ప్రింటు బల్ల లేని కేంద్రాలే ఎక్కువ కాబట్టి లైసెన్సు దారిని తీసిపారేయడమూ కుదరదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది? ఫలానా చిత్రాన్ని కాపీ చేస్తే కాపీరైట్ ఉంది, అది చిత్రకారులు పోయాక మరో 70 ఏళ్లు నడుస్తుంది. చుక్కల శైలిని మాత్రం ఎవరూ తమదని రిజిస్టరు చేయలేరు. తెగతో సంబంధం లేని డిజైనర్ కూర్చుని చుక్కలతో కంగారూ గీసి గౌను మీద వేస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదు. కృత్రిమ మేధతో పుట్టించిన ‘ఆబోరిజినల్ స్టైల్’ బొమ్మలూ ఈ సందులోంచే దూరుతున్నాయి. అబద్ధం చెప్పి అమ్మితే మాత్రం వినియోగదారుల చట్టం పట్టుకుంటుంది. ఇండోనేషియాలో చేయించిన వస్తువులను ఆబోరిజినల్ మనుషులే చేశారన్నట్టు అమ్మినందుకు బిరూబీ ఆర్ట్ అనే టోకు కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పటికే దివాలా ప్రక్రియలో ఉంది. 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సలహా సంస్థ అయిన ఉత్పాదకత కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి శైలిలో వచ్చే వినియోగ వస్తువుల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి పైగా నకళ్లకే పోతోంది.

శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, అయినా మిల్లు స్క్రీన్ ప్రింటు అదే పేరుతో అమ్ముడుపోవడం మనం చూస్తున్నదే. ఆస్ట్రేలియా మూలవాసుల చిత్రశైలులకు ఆపాటి గుర్తింపు వ్యవస్థ కూడా లేదు. సంప్రదాయ విజ్ఞానానికి విడిగా చట్టం తెస్తామని అక్కడి ప్రభుత్వం 2023 సాంస్కృతిక విధానంలో మాట ఇచ్చింది.

జెండా సంగతి ఇంకో రకం. నలుపు, ఎరుపు, మధ్యలో పసుపు సూర్యుడు ఉన్న ఆబోరిజినల్ జెండాను 1971లో హెరాల్డ్ థామస్ గీశారు, కాపీరైట్ ఆయనదే. దుస్తుల మీద దాన్ని వాడే హక్కును 2018లో మూలవాసులది కాని ఒక కంపెనీకి ఇచ్చాక, తమ జెండాను తాము చొక్కా మీద వేసుకోవడానికి ఆబోరిజినల్ సంస్థలే డబ్బు కట్టాల్సి వచ్చింది. పెద్ద ఉద్యమమే నడిచింది. 2022 జనవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం 2 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి హక్కులు కొనేసింది. ఇప్పుడు జెండాను ఎవరైనా గుడ్డ మీద వేయొచ్చు. ఆ వెసులుబాటును చుక్కల చిత్రాలకు కూడా వర్తిస్తుందనుకుని చిన్న టైలరింగ్ యూనిట్లు పొరపాటు పడకూడదు.

కొనేటప్పుడు, తొడిగేటప్పుడు

సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ దుస్తులు ఏదో ఒక రోజు ఎదురవుతాయి. జులైలో మూలవాసుల సంస్కృతి పండుగైన నైడాక్ వారం వస్తే ఆఫీసులన్నీ ఈ ప్రింట్లతో నిండుతాయి, ఇండియా వచ్చేటప్పుడు బంధువులకు తేవడానికి స్కార్ఫు తేలికైన బహుమతి. మూలవాసులు కానివాళ్లు వేసుకోవచ్చా అన్న సందేహం మొదట వస్తుంది. అమ్మకానికి పెట్టినవి వేసుకోవచ్చు, వేసుకోవాలనే అమ్ముతారు. క్లోథింగ్ ద గ్యాప్స్ అనే ఆబోరిజినల్ సంస్థ తన సరుకు మీద ఏది అందరికీ, ఏది తమవాళ్లకు మాత్రమే అన్నది విడిగా రాస్తుంది. క్రతువుల్లో ఒంటికి దిద్దుకునే చారల్ని ముఖానికి పూసుకోవడం మాత్రం వేరే పని, దుస్తులతో దానికి పోలిక లేదు.

లేబులు మీద వెతకాల్సింది నాలుగు ముక్కలు: చిత్రకారుల పేరు, వాళ్ల తెగ లేదా భాషాసమూహం, చిత్రం పేరు, లైసెన్సు ఇచ్చిన కళాకేంద్రం. ‘ఆబోరిజినల్ డిజైన్’, ‘అవుట్‌బ్యాక్ స్ఫూర్తి’ అని రాసి మనిషి పేరు లేకపోతే పక్కన పెట్టేయొచ్చు. ఎక్కడ కుట్టారన్నది అంత నమ్మకమైన కొలత కాదు. అడిలైడ్‌లోని బెటర్ వరల్డ్ ఆర్ట్స్ సంస్థ ఆబోరిజినల్ చిత్రాలను లైసెన్సుతో తీసుకుని కశ్మీరీ గొలుసుకుట్టు పనివాళ్లతో దిండుగలీబులు, రగ్గులు చేయిస్తుంది, ఇద్దరికీ సొమ్ము ముడుతుంది. బాబ్బర్రా ఆడవాళ్ల డిజైన్లతో బెంగళూరులోని తరంగిణి స్టూడియో చెక్క అచ్చు గుడ్డలు తయారుచేసింది. ఇవి ‘మేడ్ ఇన్ ఇండియా’ అయినా నకళ్లు కావు. బిరూబీ తప్పు ఇండోనేషియాలో చేయించడం కాదు, ఆ సంగతి దాచడం.

లేబులు మీద పేరున్నా నమ్మకం కుదరకపోతే, ఆ కేంద్రం వెబ్‌సైటులో చిత్రకారుల పేరు వెతకొచ్చు. దుకాణం ఇండిజినస్ ఆర్ట్ కోడ్‌లో సభ్యురాలేమో చూడొచ్చు. అది 2010 నుంచి నడుస్తున్న స్వచ్ఛంద నియమావళి, చేరని నిజాయితీపరులూ ఉంటారు, కాబట్టి సభ్యత్వం లేకపోవడం ఒక్కటే నేరం కాదు. అన్నిటికన్నా పనిచేసేది సూటి ప్రశ్న: ఈ గౌను మీద చిత్రకారులకు ఎలా చెల్లిస్తున్నారు? నిజంగా చెల్లిస్తున్న దుకాణాలు ఆగకుండా చెబుతాయి.

ఉతుకు విషయానికొస్తే, పిగ్మెంటు స్క్రీన్ ప్రింటు గుడ్డను లోపలివైపు బయటికి తిప్పి చల్లని నీళ్లలో, నెమ్మది సైకిల్‌లో ఉతకాలి. ప్రింటు గుడ్డ లోపల కాక పైన కూర్చుని ఉంటుంది కాబట్టి రాపిడికి అదే ముందు పోతుంది. నీడలో ఆరేయాలి, ఇస్త్రీ వెనకవైపు నుంచి చేయాలి. లినెన్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం ముడుచుకోవచ్చు. మీటర్లలో గుడ్డ కొని ఇక్కడ టైలరు చేత కుట్టించుకునేవాళ్లు ముందు తడిపి ఆరేశాకే కత్తెరకు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఏ వైపు పైకో సుద్దముక్కతో బాణం గుర్తు పెట్టి, పెద్ద వలయాలు ఎక్కడ పడకూడదో చూపించాలి. చెప్పకపోతే టైలరు గుడ్డ మిగిలేలా కోస్తాడు, అతని లెక్కలో అదే మంచి పని.